ఓటరుతో మీ సంబంధం

మా అన్నయ్యా వదినా విడిపోయి అప్పటికి రెండేళ్లయింది. అన్నయ్య కొత్త ఉద్యోగం చూసుకుని టెక్సస్ వెళ్లిపోయాడు. వదిన మాత్రం మా ఊరు క్యారీలోనే ఉండిపోయింది, అమ్మ అపార్ట్‌మెంటుకి పది నిమిషాల దూరంలో. నేనుండేది ఇరవై ఐదు నిమిషాల దూరంలో. ఆ పదిహేను నిమిషాల తేడా నన్ను ఎంత బాధపెట్టేదో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

శనివారాలు నేను కూర డబ్బాలు పట్టుకుని వెళ్లేసరికి అమ్మ ఫ్రిజ్‌లో నీలం మూతల డబ్బాలు అప్పటికే ఉండేవి. అవి వదినవి. "ముందు తెచ్చినవి ముందు తినాలి కదే, పాడైపోతాయి" అనేది అమ్మ. నావి వెనక అరలోకి వెళ్లేవి. అమ్మ గోళ్లు వదిన తీసేది. అమ్మ తలకి నూనె వదిన రాసేది. నేను ఫోన్ చేస్తే లైన్ బిజీ. కాసేపాగి చేస్తే అమ్మ గొంతులో నవ్వు ఇంకా మిగిలి ఉండేది, నాతో మాట్లాడటం మొదలుపెట్టగానే అది సర్దుకునేది. "బీపీ ఎంతుంది? మాత్ర వేసుకున్నావా?" అని అడిగేదాన్ని. వేసుకున్నానని చెప్పేది. అక్కడితో మా మాటలు అయిపోయేవి.

ఒకరోజు ఆగలేక అడిగేశాను. "విడాకులయ్యాక ఆవిడ మనకేమవుతుందమ్మా?"

అమ్మ కరివేపాకు దూస్తోంది. తల ఎత్తలేదు. "మీ అన్నయ్యకి ఏమీ కాదు. నాకు కోడలు. నేనేం విడాకులివ్వలేదుగా."

ఇరవై రెండేళ్లుగా వదినని 'నువ్వు' అని పిలిచినదాన్ని, అప్పటినుంచి 'మీరు' అనడం మొదలుపెట్టాను. వదిన గమనించింది.

అమ్మ ఓటు సంగతి చెప్పాలి. ఒంగోలు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో ముప్పై ఏళ్లు టీచరుగా చేసింది అమ్మ. ప్రతి ఎన్నికలకీ డ్యూటీ పడేది. పెట్టెలకి లక్క సీళ్లు వేయడం, వేళ్లకి సిరా పూయడం, సాయంత్రం లెక్క తేలక ఏజెంట్లు కేకలేస్తుంటే అందర్నీ కూర్చోబెట్టడం, ఇవన్నీ ఆవిడ ఇష్టంగా చెప్పుకునే కథలు. ఇక్కడ సిటిజన్ అయ్యాక మొదటిసారి ఓటు వేయడానికి పట్టుచీర కట్టుకుని వెళ్లింది. దేశాధ్యక్షుడి కంటే స్టేట్ ఎలక్షన్ల మీదే ఆవిడకి ఎక్కువ శ్రద్ధ. "స్కూళ్ల సంగతి తేల్చేది వీళ్లే కదా" అని రాష్ట్ర అసెంబ్లీకి నిలబడ్డవాళ్లు టీచర్ల గురించి ఏమన్నారో వదిన చేత చదివించుకుని, తెలుగులో చెప్పించుకునేది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పటినుంచి వాకర్ పట్టుకుని నడుస్తోంది. చేతులు కూడా వణకడం మొదలైంది. లైన్లో నిలబడలేదు కాబట్టి ఓటు పోస్ట్‌లో వేస్తోంది. దానికి ప్రతిసారీ ముందు అప్లికేషన్ పంపాలి. ఆ పని వదిన చూసేది.

ఆ సెప్టెంబర్‌లో ఒక శనివారం నేను వెళ్లేసరికి వదిన డైనింగ్ టేబుల్ దగ్గర ఆ ఫారం పెట్టుకుని కూర్చుంది. అమ్మ పక్కనే కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. ఇద్దరి ముందూ టీ కప్పులు. నాకు టీ కావాలా అని వదినే అడిగింది, మా అమ్మ ఇంట్లో. అది కూడా నాకు కష్టంగానే తోచింది.

ఫారం ఇటు లాక్కుని వెనక్కి తిప్పి చదివాను. నా ఉద్యోగమే అది. మందుల కంపెనీలో ట్రయల్స్ కాగితాల్లో తప్పులు పట్టుకోవడం.

"వదినా, దీన్ని మీరు పంపకూడదు."

"ఎందుకు? పోయినసారి నేనే పంపాను కదా."

"పోయినసారి వేరు. ఇప్పుడు అన్నీ గట్టిగా చూస్తున్నారు. ఐడీ కాపీ పెట్టాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, ఎలక్షన్ రోజు సాయంత్రానికల్లా బ్యాలెట్ చేరిపోవాలి. ఇదివరకటిలా పోస్ట్ ముద్ర పడితే చాలు, మూడు రోజులు ఆగుతాం అనట్లేదు. అప్లికేషన్ కూడా దగ్గరి బంధువే పంపాలి. లిస్ట్ ఇచ్చారు చూడండి. భర్త, భార్య, కొడుకు, కూతురు, అల్లుడు, కోడలు..."

కోడలు అన్న మాట దగ్గర ఆగాను. ఆగక్కర్లేదు. కావాలనే ఆగాను.

బంధువుల రూలు పాతదేనేమో, వదిన ఈ ఇంటి కోడలుగా ఉన్నన్నాళ్లూ దాని అవసరం మాకు పడలేదు. ఆ రోజు అది నా కోసమే ఎవరో రాసిపెట్టినట్టు అనిపించింది. ఈ కొత్త నిబంధనల మీద మా ఆఫీసులో లంచ్ టైమ్‌లో వాదనలు జరిగేవి. ముసలివాళ్లకీ జబ్బుపడ్డవాళ్లకీ ఇవి ఎంత కష్టమో నేనే గట్టిగా మాట్లాడేదాన్ని. అదే నేను అమ్మ టేబుల్ దగ్గర వాటిని వేలు పెట్టి చూపిస్తూ సంతోషపడ్డాను.

ఆ జాబితా కింద ఇంకో వాక్యం ఉంది. వైకల్యం వల్ల సొంతంగా చేసుకోలేనివాళ్లు తమకి నచ్చినవాళ్ల సాయం తీసుకోవచ్చని. అమ్మ చేతులు వణుకుతూ నా ఎదురుగానే ఉన్నాయి. ఆ వాక్యం నా కళ్లు చదివాయి. నేను బయటికి చదవలేదు.

వదిన పెన్ను మూత పెట్టి టేబుల్ మీద పెట్టింది. "సరే. నువ్వే పంపు అయితే" అంది.

అమ్మకి కోపం వచ్చింది. "ఇదేం రూలే? ఎవరు ఎవరికేమవుతారో ఆ కాగితమా చెప్పేది? ఇటివ్వు, నేనే రాసుకుంటాను."

"నీ చేత్తో రాస్తే అక్షరం కుదరదు, రిజెక్ట్ చేస్తారు. నేనున్నాగా అమ్మా" అన్నాను.

వదిన కప్పులు కడిగి పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు భోజనానికి ఉండలేదు.

ఇంటికెళ్లి కొత్త ఫారం ఒకటి నింపాను. 'ఓటరుతో మీ సంబంధం' అన్న గడి దగ్గర 'కూతురు' అని నీలం ఇంకుతో పెద్దగా రాశాను. కాలేజీలో ఫస్టు వచ్చినప్పుడు నోటీస్ బోర్డు మీద నా పేరు చూసుకున్నట్టు కాసేపు దాన్నే చూసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అదే నిజం. తర్వాత పుట్టిన తేదీ. అమ్మ పుట్టింది కార్తీక మాసంలో, నాగుల చవితి మర్నాడు. మా నాన్న ఇంగ్లిష్ క్యాలెండరులో ఎప్పుడో చూసిపెట్టిన నవంబరు తేదీ నాకు కంఠతా వచ్చు. ఏటా ఆ రోజు అమ్మకి పరమాన్నం చేసేది నేనే. ఆ తేదీయే రాశాను. వదినకి ఇంత తెలుసా అనుకుంటూ రాశాను.

వదినకి తెలిసింది వేరే. స్కూల్లో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టారు అమ్మకి జూలై ఒకటి అని వేసేశాడు. అప్పట్లో సగం క్లాసు జూలై ఒకటినే పుట్టింది. పాస్‌పోర్టులో, గ్రీన్ కార్డులో, సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌లో, ఇక్కడి ఐడీ కార్డులో, అన్నిట్లోనూ జూలై ఒకటే. ఆ కాగితాలన్నీ ఏళ్ల తరబడి కూర్చుని నింపింది వదిన. సంగతి నాకూ తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆఫీసులో ఆడిట్. ఫారం నా హ్యాండ్‌బ్యాగులో పది రోజులుండి అక్టోబర్‌లో పోస్ట్ అయింది. తర్వాత అమ్మ ప్రతి శనివారం తన పోస్ట్ కట్ట నా చేతికిచ్చేది, ఇదివరకు వదినకిచ్చినట్టే. అది కూడా నేను అడిగి తీసుకున్న పనే. కట్ట కారు డోర్ అరలో పడేసేదాన్ని. ఒకసారి వదిన ఫోన్ చేసింది.

"అత్తయ్య బ్యాలెట్ వచ్చిందా?"

"వస్తుంది."

"అందరికీ వచ్చేశాయట. మా ఆఫీసులో ఒకతను వేసేశాడు కూడా. ఒకసారి ఆన్‌లైన్‌లో చెక్ చేస్తావా?"

"నేను చూసుకుంటాను వదినా. మీరు టెన్షన్ పడకండి."

ఫోన్ పెట్టేశాక కారులో కట్ట విప్పాను. పిజ్జా కూపన్ల మధ్య కౌంటీ ఎలక్షన్ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. పుట్టిన తేదీ వాళ్ల రికార్డుతో సరిపోలేదు కాబట్టి అప్లికేషన్ తీసుకోలేమని, సరిచేసి మళ్లీ పంపమని. వచ్చి పదకొండు రోజులైంది. పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా ఉద్యోగం తప్పులు పట్టుకోవడం అని చెప్పాను కదా. వదినకి ఒక్క ఫోన్ చేస్తే, ఒక పూటలో అంతా సరిచేసేది. చేయలేదు. అమ్మకి కూడా చెప్పలేదు. ఈసారి ఆన్‌లైన్‌లో పంపాను, జూలై ఒకటి వేసి.

బ్యాలెట్ ఎలక్షన్‌కి నాలుగు రోజుల ముందు వచ్చింది. మర్నాడు శనివారం, సాక్షి సంతకాల కోసం మావారిని కూడా తీసుకుని వెళ్లాను. సాక్షి ఎవరైనా కావచ్చు, బంధువే కానక్కర్లేదు. అందుకే ఆయన్ని బయల్దేరదీశాను. వదిన అవసరం పడకూడదని.

తలుపు తీసేసరికి వదిన సోఫాలో కూర్చుని ఉంది. అమ్మ పిలిపించుకుంది.

"సాక్షి సంతకం తను పెడుతుంది. దానికి రూలు అడ్డం రాదటగా, పై ఇంటి గుజరాతీ ఆవిడ చెప్పింది" అంది అమ్మ.

"మేమిద్దరం వచ్చాం కదమ్మా. ఇద్దరే కావాలి" అన్నాను.

మావారు ఇబ్బందిగా నిలబడ్డారు. "నాదేముంది, అక్క పెట్టనీ" అన్నారు. ఆయన వదినని మొదటినుంచీ అక్క అనే పిలుస్తారు. నేను ఆయన వైపు చూసిన చూపుకి మళ్లీ మాట్లాడలేదు.

"పర్లేదు అత్తయ్యా. వాళ్లు పెడతారు" అంది వదిన.

మేమందరం ఇటు తిరిగి కూర్చున్నాం. అమ్మ ఒక్కో పేరు దగ్గరా ఆగి, వేలు పెట్టి, చిన్న గుండ్రాలు నింపడానికి ముప్పావు గంట పట్టింది. చెయ్యి వణికి గీత బయటికి పోకుండా ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని నింపింది. కవరు మీద నేనూ మావారూ సంతకాలు చేశాం. అంటించబోతుంటే వదిన తన బ్యాగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది.

"ఐడీ కాపీ. పెట్టావో లేదోనని తెచ్చాను."

పెట్టలేదు. ఆ రూలు వదినకి చదివి వినిపించింది నేనే. థాంక్స్ చెప్పాను.

వెళ్లేటప్పుడు వదిన నాతోపాటు కారు దాకా నడిచింది. "పోస్ట్‌లో వేయకు. సోమవారం కౌంటీ ఆఫీసుకి తీసుకెళ్లి చేతికిచ్చెయ్. కూతురివి కాబట్టి నువ్వివ్వచ్చు. రాలీ దాకా అరగంట డ్రైవ్, అంతే. పోస్ట్ అయితే మంగళవారానికి చేరుతుందో లేదో."

"నాకు తెలుసు వదినా."

తెలుసు. ఆవిడ ఆ మాట చెప్పకపోయి ఉంటే సోమవారం తప్పకుండా వెళ్లేదాన్ని. చెప్పింది కాబట్టి, ఇంటికెళ్లే దారిలో పోస్టాఫీసు దగ్గర కారు ఆపమన్నాను. మావారు అడిగారు, "సోమవారం ఇస్తే సేఫ్ కదా?" అని. "ఊళ్లో ఊళ్లోకి రెండు రోజులు పడుతుందా? అన్నీ ఆవిడ చెప్పినట్టే జరగాలా?" అన్నాను. నీలం పెట్టెలో వేసేశాను. కవరు టప్పుమని లోపల పడిన చప్పుడు విన్నాను.

కవరు బుధవారం చేరింది.

ఈ సంగతి మాకు తర్వాత ఉత్తరంలో తెలిసింది. గడువు దాటాక అందినందువల్ల ఓటు లెక్కించలేదని. ఈసారి ఆ ఉత్తరం అమ్మే తెరిచింది, తనే చదువుకుంది. నాకు ఫోన్ చేసి రమ్మంది. వెళ్లాను. మావారు కూడా వచ్చి, ఓదార్చబోయారు. మా జిల్లా అసెంబ్లీ సీటు ఎలాగూ అమ్మ అనుకున్నవాళ్లకే వచ్చింది కదా, ఒక్క ఓటుతో ఏం మారేది అత్తయ్యగారూ అన్నారు.

"మారుతుందని వేశానా బాబూ?" అంది అమ్మ. ఉత్తరం మడిచి మళ్లీ కవరులో పెట్టింది. "మా డ్యూటీల్లో చెల్లని ఓట్లు విడిగా కట్టి, చీటీ రాసి పెట్టేవాళ్లం. చదువురానివాళ్లు, రెండు గుర్తుల మీద ముద్ర వేసినవాళ్లు. అవి చూస్తే నాకు జాలేసేది. అంత దూరం నడిచొచ్చారే పాపం అని. నా ఓటు ఆ కట్టలో పడింది."

నన్ను తిడితే బాగుండేది. పుట్టినరోజు తేదీ సంగతి, పదకొండు రోజుల సంగతి, పోస్ట్ పెట్టె సంగతి వరసగా చెప్పాను. చివరికి ఫారంలో నేను చదవని వాక్యం గురించి కూడా.

"తన దగ్గరికెళ్లి చెప్పు" అంది అమ్మ. "నాకు కాదు."

ఆదివారం మధ్యాహ్నం వదిన ఇంటికెళ్లాను. విడాకుల తర్వాత ఆ ఇంటికి వెళ్లడం అదే మొదటిసారి. వదిన గరాజ్ ముందు ఎండుటాకులు ఊడుస్తోంది. నన్ను చూసి ఊడవడం ఆపింది కానీ లోపలికి రమ్మనలేదు. అక్కడే నిలబడి చెప్పాను.

"నీకు పంపే హక్కుంది వదినా. అమ్మ చేతులు అలా ఉన్నాయి కాబట్టి ఎవరినైనా పెట్టుకోవచ్చు. ఫారంలోనే ఉంది. నేను చూసి కూడా చెప్పలేదు."

"తెలుసు" అంది వదిన.

"ఏం తెలుసు?"

"ఆ లైను నాకు తెలుసు. పోయినసారే చదివాను."

"మరి ఆ రోజే ఎందుకనలేదు?"

వదిన ఆకులు పొరకతో ఒక పక్కకి నెట్టింది. "ఏమనాలి? నువ్వు లిస్ట్ చదువుతున్నావు, కోడలు దగ్గర ఆగావు. అప్పుడు నేను లేచి, నాకు ఇంకో కేటగిరీ ఉందని వాదించాలా? కోర్టులో, బ్యాంకులో, ఇన్సూరెన్సులో, రెండేళ్లుగా అదే పని చేస్తున్నాను. నేను ఎవరికి ఏమవుతానో గడిలో రాయడం. అత్తయ్య ఇంట్లో కూడా రాయాలంటే ఓపిక లేక ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. ఆవిడ ఓటు పోయింది. అందులో నా తప్పు కూడా ఉంది."

నన్ను క్షమించానని అనలేదు. నేను కూడా అడగలేదు. రెండో పొరక గోడకి ఆనించి ఉంటే తీసుకున్నాను. అరగంటసేపు ఇద్దరం ఆకులు ఊడ్చాం. మధ్యలో ఒకసారి వాకర్ కాళ్లకి రబ్బరు తొడుగులు అరిగిపోయాయి, కొత్తవి కొనాలి అంది. నేను కొంటానన్నాను.

ఇంత జరిగాక నా అసూయ పోయిందని రాయాలని ఉంది. పోలేదు. ఫ్రిజ్‌లో నీలం మూతలు చూస్తే లోపల ఇంకా చురుక్కుమంటుంది. కాకపోతే అది ఏం చేయగలదో ఒకసారి చూశాను కాబట్టి, కాస్త దూరం నుంచి చూస్తున్నాను.

ఏడాది దాటాక మార్చిలో, పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీలు వచ్చాయి. అమ్మ ఈసారి పోస్ట్ వద్దంది. నడవలేనివాళ్లు పోలింగ్ కేంద్రం బయట కారులోనే కూర్చుని ఓటు వేయవచ్చు, సిబ్బంది బ్యాలెట్ పట్టుకుని కారు దగ్గరికే వస్తారు. వదిన డ్రైవ్ చేసింది. నేను సెలవు పెట్టి వెళ్లాను. ముందు సీటులో అమ్మ, వెనక సీటులో వాకర్ పక్కన నేను.

బ్యాడ్జి పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి అమ్మ కార్డు చూశాడు, అడ్రసు చెప్పమన్నాడు. అమ్మ ఒంగోలు స్కూల్లో హాజరు పిలిచినంత స్పష్టంగా చెప్పింది. ఆయన నవ్వి బ్యాలెట్ ఇచ్చాడు. అమ్మ మమ్మల్నిద్దర్నీ దిగి అవతల నిలబడమంది.

చలిగాలి వేస్తోంది. ఇద్దరం జేబుల్లో చేతులు పెట్టుకుని, పక్క వరసలో ఆగిన కార్ల వైపు తిరిగి నిలబడ్డాం.

"నాకు ఆష్‌బర్న్‌లో ఉద్యోగం ఆఫర్ వచ్చింది, ఇక్కడికి నాలుగైదు గంటల డ్రైవ్. జూన్‌లో వెళ్లాలి" అంది వదిన.

నాకు ముందు సంతోషమే వేసింది. అది దాచను. అమ్మ ఇక పూర్తిగా నాదే అన్న సంతోషం, చిన్నపిల్లకి వేసినట్టు. అది వేసిన మరుక్షణమే, అమ్మ ఇక టీ తాగుతూ ఎవరితో నవ్వుతుంది అనిపించింది. నాతో నవ్వదు. అది నాకు తెలుసు.

"అమ్మకి చెప్పావా?"

"లేదు. ఎలా చెప్పాలో తెలియట్లేదు."

"నేను చెప్పనా?"

వదిన తల అడ్డంగా ఊపింది. "నేనే చెప్తాను. నువ్వు ఆ రోజు దగ్గరుండు, చాలు."

కారు అద్దం దిగింది. "అయిపోయింది, ఆయన్ని రమ్మనండి" అని పిలిచింది అమ్మ. పెద్దాయన్ని పిలవడానికి నేను వెళ్లాను. తిరిగొచ్చేసరికి వదిన కారు తలుపు తెరిచి అమ్మ శాలువా సర్దుతోంది. అమ్మ ఏదో చెబుతోంది, వదిన నవ్వుతోంది. ఏమిటని నేను అడగలేదు. వెనక సీటులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.